నాలుగో నంబరు మంచం మీద విన్న మాటలు

ఆ రోజు నాది ఫస్ట్ షిఫ్ట్. లాంపు రూములో లైటు తీసుకుని నడుముకు బెల్టు కట్టుకుంటుంటే బకిల్ పెట్టడానికి వేళ్లు సాగలేదు. చలికి కొంకర్లు పోయాయేమో అనుకుని నోటితో ఊదుకున్నాను. రెండు వారాల కిందట జ్వరం, విరేచనాలు పట్టుకుని వదిలాయి, ఆ నీరసమే అనుకున్నాను. గనిలోకి దిగే దారిలో నాలుగడుగులు వేశానో లేదో మోకాళ్లు నావి కానట్టు వంగిపోయాయి. వెనక వస్తున్నతను చంకల కింద చేతులు వేసి పట్టుకోకపోతే కిందిదాకా దొర్లేవాణ్ని.

"ఏందే కొమురన్నా, పొద్దుగాల్నే ఏసుకున్నవా?" అన్నాడతను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "నీ అయ్య తాగిపిచ్చిండురా" అని ఎదురు జవాబు కూడా ఇచ్చాను. నా నోరు ఎప్పుడూ అంతే. గోదావరిఖనిలో నన్నెరిగిన వాళ్లనెవరినైనా అడగండి, కొమురయ్య నోరు మూత పడదనే చెబుతారు. ఎవరైనా ఒక మాటంటే రెండు అంటించకుండా ఊరుకునేవాణ్ని కాదు. ఈ నోటి దురుసే తర్వాత నన్ను ఎక్కడ పడేసిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను హాలేజీ ఆపరేటర్‌ని. బొగ్గు టబ్బులను తాడుతో లాగే ఇంజను నాది. ఇంజను దగ్గర కూర్చున్నవాడికి టబ్బులు కనపడవు. దూరం నుంచి గంట కొడతారు, ఆ గంటల లెక్కను బట్టి నడపాలి. ఒక్క గంట మోగిందంటే ఏమైనా సరే ఆపేయాలి. ఇరవై ఏళ్లు చెవులనే నమ్ముకుని బతికాను.

ఆ పూట నన్ను మా కంపెనీ దవాఖానకు మోసుకెళ్లారు. డాక్టరు చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూశాడు. కాలు కదల్లేదు. ఇంకోసారి కొట్టాడు. ఆయన మొహం మారింది.

"రిఫ్లెక్స్ లేదు. జీబీఎస్ లాగుంది" అని నా భార్య సరోజనకు చెప్పాడు. "నరాల జబ్బమ్మా. కాళ్ల నుంచి పైకి ఎక్కుతది. ఊపిరితిత్తుల దాకా వస్తే వెంటిలేటర్ పెట్టాలె. మా దగ్గర ఉంచితే లాభం లేదు, ఇప్పుడే కరీంనగర్ పంపిస్తున్న."

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. దారి పొడుగునా రాస్తారోకోలు. రోడ్డు మీద వంటలు చేస్తున్న వాళ్లు అంబులెన్సును చూసి పొయ్యిని పక్కకు జరిపి దారి ఇచ్చారు. అప్పటికి నా మాట బాగానే ఉంది. "పప్పుల ఉప్పు తక్కువైంది సూడుండ్రి" అని కిటికీలోంచి అరిచాను. బయటివాళ్లు వినగా నేనాడిన చివరి మాట అదే. మూడో రోజు నుంచి రెండు నెలలు నాకు మాట లేదు.

ఆస్పత్రి పేరు ఎందుకులెండి. మంచి ఆస్పత్రే. వెన్నులో సూది పెట్టి నీళ్లు తీశారు. కాళ్లకు, చేతులకు కరెంటు షాకులిచ్చి ఎన్‌సీఎస్ టెస్ట్ చేశారు. జీబీఎస్ అని ఖాయం చేసి ఐవీఐజీ అనే మందును ఐదు రోజులు సెలైన్ లాగా ఎక్కించాలన్నారు. రెండో రోజుకే మెడ నిలపలేకపోయాను. మూడో రోజు ఊపిరి అందలేదు. గొంతులోకి ట్యూబు వేసి వెంటిలేటర్‌కు కలిపారు. కొన్నాళ్లకు మెడ కింద చిన్న రంధ్రం చేసి ట్యూబు అక్కడికి మార్చారు. దాన్ని ట్రెకియాస్టమీ అంటారు. రంధ్రంలోంచి గాలి ఆడుతుంది, మాట మాత్రం రాదు.

ఈ జబ్బు గురించి చాలామందికి తెలియనిది ఒకటుంది. ఒళ్లంతా కట్టెలా పడుంటుంది గాని, తెలివి మాత్రం ఇసుమంతైనా తగ్గదు. ఈగ వాలితే తెలుస్తుంది, తోలుకోలేం. అందరి మాటలూ వినపడతాయి, జవాబు చెప్పలేం. నాకు కనురెప్పలు మాత్రమే కదిలేవి. రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్లు మంచం చివర నిలబడి, "బెడ్ ఫోర్, రెస్పాన్స్ సరిగా లేదు, ఇట్లయితే కష్టం" అనుకుని పోయేవారు. ఒంటికి స్పాంజి బాత్ చేసే అమ్మాయిలు నా మీది నుంచే ఒకరితో ఒకరు వాళ్ల పెళ్లిచూపుల ముచ్చట్లు చెప్పుకునేవారు. వాళ్లను తప్పు పట్టను, పాపం రోజంతా చాకిరీ. కానీ ఇంట్లో సామాను తుడుస్తున్నట్టు తుడుస్తుంటే ఏడుపు వచ్చేది. కన్నీళ్లు చెవుల్లోకి కారితే వాళ్లు అదీ తుడిచేసి పోయేవారు.

వాళ్లలో ఒకామె వేరు. నా దగ్గర డ్యూటీ పడ్డ మొదటి రోజే మంచం చివర నిలబడకుండా నా మొహం మీదికి వంగి, నా కళ్లలోకి చూసి చెప్పింది.

"అన్నా, నా పేరు రూత్. ఈ పూట మీ నర్సును నేనే. మాది నస్పూర్, మా నాయిన బాయిల టింబర్ పని చేసేటోడు. నేనేం చేసినా ముందుగాల మీకు చెప్పి చేస్త. సరేనా?"

మా వైపు గనిని బాయి అంటాం, టింబర్ అంటే గని కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. మంచం మీద పడ్డాక నన్ను "సరేనా" అని అడిగిన మొదటి మనిషి ఆమె. నమ్ముతారో లేదో, ఆ ఒక్క మాటకు ఆ రోజు నేను బతకాలనుకున్నాను.

చెప్పినట్టే చేసేది. "అన్నా, ఇప్పుడు ఎడమకు తిప్పుతున్న, జర నొప్పైతది." "గిది సూది." "ఇప్పుడు సక్షన్, దగ్గు వస్తది, ఫికర్ చేయకుండ్రి." ఐసీయూలో పొద్దు తెలియదు, ఎప్పుడూ అవే లైట్లు. అందుకని వచ్చీరాగానే, "ఫస్ట్ షిఫ్టోళ్లు పైకొచ్చే టైమైంది, సెకండ్ షిఫ్టోళ్లు లాంపులు తీసుకుంటుంటరు" అని చెప్పేది. అప్పుడు నాకు రోజు ఎక్కడి దాకా వచ్చిందో తెలిసేది.

ఔనంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు రెప్ప కొట్టమంది. బాగానే ఉంది గాని, సక్షన్ పైపుతో గొంతులోని కఫం లాగుతున్నప్పుడు ఊపిరి ఆగిపోయినట్టయి నేను ఒక్కసారే రెప్ప కొట్టాను. ఇరవై ఏళ్ల అలవాటు, ఒకటంటే ఆపు. ఆమె ఔనన్నాననుకుని పైపును ఇంకా లోపలికి పెట్టింది. రెండు రోజులు అలాగే అయ్యాక, ఈయన చేసే పనేమిటని సరోజనను అడిగి తెలుసుకుంది. మర్నాడు వచ్చి, "నాదే తప్పన్నా. ఇగ మీ బాయి లెక్కనే నడుపుకుందాం. ఒకటంటే ఆపుడే. ఔనంటే రెండు, కాదంటే మూడు కొట్టుండ్రి" అంది. ఛార్టు మీద కూడా రాసి పెట్టింది, మిగతా నర్సులకు తెలియడానికి. తన పద్ధతిని నా కోసం మార్చుకున్న మనిషిని నేను ఇంకో చోట చూడలేదు.

ఇక అసలు సంగతి.

మా బొగ్గు గనుల మీద ఒక రివాజు ఉంది. కార్మికుడు సర్వీసులో ఉండగా చనిపోతే కొడుక్కు ఉద్యోగం ఇస్తారు. మంచాన పడి బతికుంటే మాత్రం మెడికల్ బోర్డు చుట్టూ తిరగాలి, అన్‌ఫిట్ అనిపించుకోవాలి, అప్పుడైనా కొడుక్కు నౌకరి దొరుకుతుందో లేదో తెలియదు. అందుకే మా కాలనీల్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే, మనిషి ఎట్లున్నాడని అడిగిన వెంటనే సర్వీసు ఎంత మిగిలిందని అడుగుతారు. నేనూ ఎందరిళ్లలోనో అడిగాను. అది తప్పని అప్పుడు తోచలేదు.

మా అబ్బాయి శీను డిగ్రీ తప్పి ఖాళీగా తిరుగుతున్నాడు. ఒక రోజు విజిటింగ్ టైములో సరోజన, ఆమె తమ్ముడు మల్లేశం వచ్చి నా మంచం పక్కన నిలబడ్డారు. నేను కళ్లు మూసుకుని ఉన్నాను, నిద్ర మాత్రం కాదు.

"అక్కా, ఏడిస్తే ఏమొస్తది?" అన్నాడు మల్లేశం. "డాక్టర్లే కష్టమంటుండ్రు. గీ మిషిన్ మీద ఎన్ని దినాలుంచుతం? మంచిగైనా బావ మల్ల బాయి దిగుతడా? నౌకరి పాయె, మనిషి మంచాన పడె. గదే సర్వీసుల ఉండంగ పోయిండనుకో, శీనుగానికి డ్యూటీ వస్తది. సంతకం పెట్టి ఇంటికి తీస్కపోదాం. ఆయినకు గూడ బాధ తప్పుతది."

ఇంటికి తీసుకుపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. మిషను తీసిన గడియకు నా ఊపిరి ఆగిపోతుంది. సరోజన చెయ్యి నా పాదం మీద ఉంది. ఆమె ఏమంటుందా అని చెవులు రిక్కించి ఉన్నాను. తిట్టు మల్లేశాన్ని, ఒక్క మాట అను, అని లోపల మొత్తుకుంటున్నాను. ఆమె ఏమీ అనలేదు. నా పాదం మీది నుంచి చెయ్యి తీసేసింది. ఇద్దరి అడుగుల చప్పుడూ తలుపు దాటి పోయింది.

మానిటర్ మోత మొదలుపెట్టింది. రూత్ సిస్టర్ పరుగున వచ్చింది. "ఏమైందన్నా? నొప్పా?" కాదన్నాను. "ఊపిరి ఆడుతలేదా? కడుపు నొస్తుందా? భయమైతుందా?" చివరిదానికి రెప్ప రెండుసార్లు కొట్టాను. ఔను. "దేనికి భయం?" అని అడిగింది గాని, దానికి రెప్పతో ఏం చెప్పను? ఆమె నా నుదుటి మీద చెయ్యేసి, "మీకు చెప్పకుండ ఏం జరగనియ్య. నేను మాటిస్తున్న" అంది. మంచి మాటే. అయితే ఆమె డ్యూటీ ఎనిమిది గంటలే కదా. మిగతా టైమంతా తలుపు చప్పుడైనప్పుడల్లా సంతకం కాగితంతో మల్లేశం వచ్చాడనే అనుకునేవాణ్ని. చావుకు అంతగా ఎన్నడూ భయపడలేదు. గనిలో పైకప్పు కూలిన రోజు కూడా భయపడలేదు.

మల్లేశం మళ్లీ రాలేదు. సరోజన రోజూ వచ్చేది. "గోడ మీది తీగకు బీరకాయలు కాసినయి" అని, "శీనుగాడు జుట్టు కత్తిరిచ్చుకున్నడు" అని ఏవో చెప్పేది. నా దగ్గర మిగిలిన ఆయుధం ఒక్కటే. ఆమె అడుగుల చప్పుడు వినపడగానే కళ్లు మూసుకునేవాణ్ని. వెళ్లిపోయేదాకా తెరిచేవాణ్ని కాదు. "ఎప్పుడొచ్చినా పండుకునే ఉంటడు సిస్టరూ" అని ఆమె బాధపడుతుంటే నాకు లోపల చల్లగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

మధ్యలో న్యుమోనియా వచ్చింది. జ్వరంలో ఎన్ని రోజులు కొట్టుకుపోయానో తెలియదు. డాక్టరు "వారం ఎనక్కి పోయినం" అన్నాడు. నిజానికి నెల వెనక్కి పోయాం. తర్వాత ఒక రోజు కుడి చేతి బొటనవేలు కదిలింది. రూత్ సిస్టర్ వార్డంతా వినపడేలా కేక వేసింది. అప్పటి నుంచి కొద్దికొద్దిగా, వచ్చిన దారినే తిరిగి పోయినట్టు, పైనుంచి కిందికి జబ్బు దిగింది. రోజుకో గంట, రెండు గంటలు మిషను తీసి చూశారు. చివరికి పూర్తిగా తీసేశారు.

ట్రెకియాస్టమీకి మూత పెట్టి మాట చూసే రోజు వచ్చింది. సరోజన, శీను వచ్చి నిలబడ్డారు. రూత్ సిస్టర్ డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్లకుండా ఉండిపోయింది. డాక్టరు ట్యూబుకు మూత బిగించి, "ఊఁ, కొమురయ్యా, ఏదన్నా మాట్లాడు. నీ ఇష్టం" అన్నాడు. సరోజన చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా పెదాలనే చూస్తోంది.

ఈ ఒక్క మాట కోసమే ఇన్ని రోజులు దాచుకున్నాను. బొంగురు గొంతుతో, గాలి చాలక రెండు ముక్కలు చేసి అన్నాను.

"నేను సావలేదు. నీ కొడుక్కు నౌకరి రాలే."

డాక్టరుకు అర్థం కాక నవ్వబోయి ఆగిపోయాడు. శీను తల వంచుకున్నాడు. సరోజన కొంగు నోటి దగ్గరే పెట్టుకుని అట్లాగే వెనక్కి నడిచి బయటికి పోయింది. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదని నాకు ఆ తర్వాత చాలాసార్లు అనిపించింది.

అందరూ పోయాక రూత్ సిస్టర్ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమెకు అంత కోపం రావడం అంతకుముందు చూడలేదు.

"మల్లేశమన్న మాటలు ఇన్నరా మీరు?"

తల ఊపాను.

"ఆయెనక వరండాల ఏమైందో ఎరుకనా?"

ఎరుక లేదు. నా మంచం దగ్గరివే నాకు వినపడతాయి, తలుపవతలివి వినపడవు.

"అక్క మీ బామ్మర్దిని రెక్క పట్టి గుంజుకపోయింది. వరండాల అందరి ముంగట చెంప మీద కొట్టింది. 'మా ఆయిన ఊపిరి నా కొడుకు నౌకరి కంటె అగ్గువనారా? నా కొడుకు కూలి జేస్కోని బతుకుతడు. నువ్వు మల్ల గీ గడప తొక్కితె సంపుత' అన్నది. వాచ్‌మన్‌కు చెప్పింది లోపటికి రానియ్యద్దని. నేను లేనప్పుడు ఎవరొచ్చి సంతకం పెడ్తమన్నా పెట్టనియ్యకు బిడ్డా అని నాతోని ఒట్టేయించుకున్నది. గప్పటిసంది గీ తలుపు కాన్నే చాప ఏసుకోని ఉంటుందన్నా. ఇంటికి గూడ పోతలేదు. బీరకాయల సంగతి ఫోన్ల అడిగి మీకు చెప్తది."

తలుపు వైపు తల తిప్పి చూశాను.

"మరి నా ముంగట ఎందుకు అనలే?" అన్నాను.

సిస్టర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనే చెప్పిన. మొదటి దినమే చెప్పిన, అన్నకు అన్నీ ఇనవడ్తయి, మంచం కాడ లొల్లి పెట్టుకోవద్దు, ఏదన్నుంటే బయట మాట్లాడుకోండ్రి అని. గా మాట మీద నిలవడి నోరు మూసుకోని బయటికి గుంజుకపోయింది. కండ్లు మూసుకున్నరంటె పండుకున్నరనుకున్న, మీరు గవన్నీ ఇన్నరని నాకు తెల్వకపాయె. తెలిస్తె బయట జరిగింది గూడ మీకు చెప్దును. నాది గూడ తప్పేనన్నా."

ఆమెది ఏం తప్పు? నేను వింటానని నమ్మిన మనుషులు ఇద్దరే, రూత్ సిస్టరూ సరోజనా. వింటానని నమ్మింది కాబట్టే సరోజన నోరు కట్టేసుకుంది. ఆ మౌనాన్ని నేను వారాల తరబడి మనసులో నూరి పెట్టుకుని, గొంతు రాగానే ఆమె మొహాన కొట్టాను.

సాయంత్రం సరోజనను పిలిపించి రెండు చేతులూ జోడించాను. చేతులు పూర్తిగా కలవలేదు, వేళ్లు ఇంకా వంగవు. "తప్పైంది సరోజా. నీకు మొక్కుత" అన్నాను. "పోనీ తియ్యి, మంచిగైనవ్ గద" అంది. నా చేతులు దించి దుప్పటి సర్దింది. అంతే. అంతకు మించి ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు, నన్ను ఎత్తనీయలేదు.

ఆ తర్వాత ఏడాది ఫిజియోథెరపీ. కర్రతో లేచాను, ఇప్పుడు కర్ర లేకుండా ఇంట్లో తిరుగుతాను. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ రాసింది. నౌకరి పోయింది, శీనుకు రాలేదు. క్వార్టరు ఖాళీ చేసి కమాన్‌పూర్‌లో చిన్న ఇంట్లో ఉంటున్నాం. శీను ఓపెన్‌కాస్ట్ గని దగ్గర కాంట్రాక్టు లారీ నడుపుతున్నాడు, ఏనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. రాష్ట్రం వచ్చింది, మా వీధిలో పటాకులు కాల్చారు. మల్లేశం అక్క కాళ్లు పట్టుకుని మళ్లీ ఇంటికి రాకపోకలు పెట్టుకున్నాడు. రూత్ సిస్టర్ పెళ్లయి వరంగల్ పోయింది, క్రిస్మస్‌కు ఫోన్ చేస్తుంది. మా ఇద్దరితోనూ మాట్లాడుతుంది.

సరోజన నాకు అన్నీ చేస్తుంది. నూనె రాసి కాళ్లు పిసుకుతుంది, కూర ఎట్లుందని అడుగుతుంది. కానీ ఫోన్ మోగితే లేచి బయటికి పోయి మాట్లాడుతుంది. తమ్ముడిదైనా, కొడుకుదైనా, చివరికి గ్యాస్ బండవాడిదైనా అంతే. "ఇక్కడ్నే మాట్లాడరాదే" అన్నాను చాలాసార్లు. "సిగ్నల్ లేదు" అంటుంది. మా ఇంట్లో సిగ్నల్ బాగానే ఉంటుంది. నా ముందు నోరు విప్పడానికి ఆమెకు ధైర్యం చాలడం లేదు, దాన్ని పోగొట్టింది నేనే. నరాలు తిరిగొచ్చాయి, అది మాత్రం రాలేదు.

ఇది చదివేవాళ్లలో నాలాగా ట్యూబులతో పడుకున్న వాళ్లు, పడుకుని లేవబోతున్న వాళ్లు ఎవరైనా ఉంటే ఒక్కటే చెబుతాను. మంచం మీద మీరు చాలా వింటారు. విన్నదంతా నిజమే అయినా, తలుపవతల ఇంకెంతో జరుగుతుంది, అది మీ చెవిన పడదు. అందుకని గొంతు తిరిగొచ్చిన రోజు లెక్కలు తేల్చుకోకండి. ఎదురుగా ఉన్న మనిషిని "తిన్నవా?" అని అడగండి చాలు. ఆ రోజు సరోజన నా మాట వినబోతున్నానన్న ఆత్రంలో పొద్దటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదట.